వైట్‌నర్, థిన్నర్ వాసన పీలిస్తే ప్రాణానికే ముప్పా?

మత్తు కోసం వైట్‌నర్, థిన్నర్, డియోడరెంట్ స్ప్రేల్లాంటివి పీలిస్తే మహా అయితే తల తిరుగుతుంది, అంతకు మించి ఏమవుతుంది అని అడిగారు. ప్రాణం పోవచ్చు. మొదటిసారికే పోయిన పిల్లలున్నారు.

అసలు ప్రమాదం గుండెకి. ఈ ఆవిర్లు ఊపిరితిత్తుల నుంచి క్షణాల్లో రక్తంలో కలుస్తాయి. భయపడినా, పరుగెత్తినా ఒంట్లో పెరిగే అడ్రినలిన్ అనే హార్మోన్ కాస్త ఎక్కువైనా గుండె తట్టుకోలేని స్థితికి తెస్తాయి. అప్పుడు పిల్లవాడు ఉలిక్కిపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అందుకే పీలుస్తుండగా కంటపడితే, ఎంత కోపమొచ్చినా సరే, అరవకండి, వెంటపడకండి. నెమ్మదిగా మాట్లాడుతూ గాలి ఆడే చోట కూర్చోబెట్టండి. స్పృహ తప్పితే వెంటనే అంబులెన్స్ పిలవండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆడకపోతే సీపీఆర్ (ఛాతీ మీద చేతులతో గట్టిగా నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) మొదలుపెట్టాలి.

ఇక అలవాటుగా మారితే, థిన్నర్‌లోనూ కొన్ని జిగుర్లలోనూ ఉండే టోలుయీన్ అనే రసాయనం మెదడులో నరాల పైపొరను దెబ్బతీస్తుంది. మతిమరుపు, తూలుతూ నడవడం, వినికిడి తగ్గడం మొదలవుతాయి. కిడ్నీలు, లివర్ సంగతి సరేసరి.

మూతి చుట్టూ ఎర్రటి దద్దుర్లు, బట్టలకు పెయింట్ వాసన, పరుపు కింద దాచిన తడి గుడ్డలు, త్వరత్వరగా ఖాళీ అయిపోయే స్ప్రే డబ్బాలు కనిపిస్తే అనుమానించాల్సిందే. మామూలు యూరిన్ డ్రగ్ టెస్టులో ఇవి సాధారణంగా దొరకవు. రిపోర్టు బాగుందని ఊరుకోకుండా సైకియాట్రిస్టుకి చూపించండి.