మ్యాప్ అయిందా అని కాదు, ఎక్కడ మ్యాప్ అయిందో చూడు

అమ్మాయీ, ఆశీస్సులు.

రీడ్స్ (సీక్వెన్సర్ డీఎన్‌ఏ ముక్కల నుంచి చదివిచ్చిన అక్షరాల వరసలు) ఎలైన్ చేయడం, అంటే జీనోమ్‌లో వాటి చోటు వెతికి మ్యాప్ చేయడం నేర్చుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. నేరుగా మనిషి జీనోమ్‌తోనే మొదలుపెడతానన్నావు, ఇప్పుడే వద్దమ్మా. 300 కోట్లకు పైగా బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) ఉన్న దానికి ఇండెక్స్, అంటే వెతకడానికి సూచిక, తయారవడానికే గంట దాటొచ్చు. ఈ-కోలై కె-12 అనే బ్యాక్టీరియాను తీసుకో. 46 లక్షల బేసులే కాబట్టి ల్యాప్‌టాప్‌లో కొన్ని సెకన్ల పని. తప్పు చేసినా టెన్షన్ లేదు, మళ్లీ నడుపుకోవచ్చు.

ముందు రీడ్స్ ఉండే ఫాస్ట్‌క్యూ ఫైలు తెరిచి కాసేపు చదువు. ఒక్కో రీడ్‌కి నాలుగు వరుసలు ఉంటాయి. నాలుగో వరుస ఒక్కో బేసును ఎంత నమ్మొచ్చో గుర్తుల్లో చెబుతుంది. అందులో ప్రశ్నార్థకం ఉంటే ఆ బేసు స్కోరు 30, అంటే ఆ బేసు తప్పయ్యే అవకాశం వెయ్యిలో ఒకటి. హ్యాష్ గుర్తుంటే స్కోరు 2 మాత్రమే, దాన్ని నమ్మలేం. ఒకే డీఎన్‌ఏ ముక్కను రెండు కొసల నుంచీ చదివిన రీడ్స్ జతగా రెండు ఫైళ్లలో ఉంటాయి. రీడ్స్ చివర్లు ట్రిమ్ చేస్తే (కత్తిరిస్తే) ఆ రెండు ఫైళ్లనూ కలిపే చెయ్యి. విడివిడిగా చేస్తే ఒకదాంట్లో రీడ్ పోయి, రెండోదాంట్లో దాని జత మిగిలిపోతుంది. అక్కణ్ణుంచి జతలన్నీ తారుమారే.

తర్వాత ఎలైన్ చేసే ప్రోగ్రామ్ బీడబ్ల్యూఏ-మెమ్ నడిపి, వచ్చిన ఫలితాన్ని శామ్‌టూల్స్ అనే ప్రోగ్రామ్‌తో సార్ట్, ఇండెక్స్ చెయ్యి. ఎన్ని రీడ్స్ మ్యాప్ అయ్యాయో లెక్కచెప్పే శామ్‌టూల్స్ ఆదేశం ఫ్లాగ్‌స్టాట్ 98 శాతం మ్యాప్ అయ్యాయని చూపిస్తే చాలామంది అక్కడితో ఆపేస్తారు. నువ్వు ఆగకు. ఈ-కోలైలో రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ ఆపరాన్‌లు (పక్కపక్కనే ఉండి కలిసి పనిచేసే జీన్ల గుంపులు) ఏడున్నాయి, దాదాపు ఒకేలా ఉంటాయి. వాటి నడుమ నుంచి వచ్చిన 150 బేసుల రీడ్ చాలాసార్లు ఒకటి కంటే ఎక్కువ చోట్ల సమానంగా సరిపోతుంది. ఆపరాన్ పొడవు దాదాపు 5 వేల బేసులు కాబట్టి రీడ్ జత కూడా అందులోనే పడుతుంది, అదీ దారి చూపదు. అప్పుడు బీడబ్ల్యూఏ ఏదో ఒక చోటు ఎంచి పెట్టేసి, మ్యాపింగ్ క్వాలిటీ (ఆ చోటు సరైనదే అన్న నమ్మకం) 0 ఇస్తుంది. ఫ్లాగ్‌స్టాట్ లెక్కలో మాత్రం అదీ మ్యాప్ అయినట్టే. ఆ ఏడు చోట్లా ఐజీవీలో (రీడ్స్‌ను బొమ్మగా చూపే ప్రోగ్రామ్) తెరిచి చూడు, అలాంటి రీడ్స్ రంగు లేకుండా డొల్లగా కనిపిస్తాయి.

ఇది బ్యాక్టీరియాతో పోయే సంగతి కాదు. మనిషిలో ఎస్‌ఎమ్‌ఎన్1, ఎస్‌ఎమ్‌ఎన్2 జీన్లు కూడా ఇలాగే దాదాపు ఒకేలా ఉంటాయి. ఎస్‌ఎమ్‌ఎన్1 పనిచేయకపోతే పిల్లలకు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అంటే కండరాలు క్షీణించే జబ్బు, వస్తుంది. ఎస్‌ఎమ్‌ఎన్2 రీడ్స్ వచ్చి ఎస్‌ఎమ్‌ఎన్1 చోట కూర్చుంటే, లేని జీన్ ఉన్నట్టు కనిపించవచ్చు. ఒక బిడ్డ రిపోర్టు దాని మీద ఆధారపడి ఉంటుంది తల్లీ. అందుకే ఇంతగా చెబుతున్నాను.

రిఫరెన్స్ (రీడ్స్‌ను పోల్చిచూసే జీనోమ్) ఏ వెర్షనో ఎప్పుడూ రాసిపెట్టుకో. మీ స్నేహితురాలి వరి ఆర్‌ఎన్‌ఏ డేటాకు మాత్రం బీడబ్ల్యూఏ వాడొద్దు. ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు జీన్ మధ్యలోని ఇంట్రాన్‌లు అనే భాగాలు తీసేయబడతాయి, కాబట్టి అక్కడ ఒక్కో రీడ్‌ని రెండు ముక్కలుగా దూరదూరంగా పెట్టాల్సి రావచ్చు. దానికి అలా ముక్కలుగా పెట్టగల స్టార్ గానీ హైశాట్2 గానీ వాడమను.

ప్రేమతో,
పెద్దమ్మ