పళ్లు కట్టించే ముందు అంగిలి చూపించండి

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. పైన కుడివైపు రెండు దవడ పళ్లు పోయాయి. అన్నం ఒకవైపే నములుతోంది. షుగర్ ఉంది. చిన్న వయసు నుంచి అడ్డపొగ అలవాటు. ఇంప్లాంట్లా, బ్రిడ్జా, తీసి పెట్టుకునే పళ్లా? ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, పెదజాలారిపేట, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'అడ్డపొగ' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పళ్ల సంగతి తర్వాత చెబుతాను. అడ్డపొగ అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. అలా చేస్తే ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ఒకావిడ పళ్ల సెట్టు కోసం నా దగ్గరకు వచ్చారు. కొలత తీయబోతూ లైటు పైకి తిప్పితే అంగిలంతా తెల్లగా, మందంగా ఉంది. మధ్యమధ్య గుండుసూది తలంత ఎర్రటి చుక్కలు. "నొప్పేం లేదమ్మా" అన్నారావిడ. నొప్పి ఉండదు, అదే నా భయం. అలాంటి మచ్చల్లో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. పై సెట్టు ప్లేటు సరిగ్గా అక్కడే కూర్చుంటుంది కాబట్టి, మచ్చ దాని కింద దాగిపోతుంది. అందుకే ఆ రోజు కొలత ఆపి, ముందు చిన్న ముక్క తీయించి పరీక్షకు పంపాను.

మీ అమ్మగారికీ ముందు అంగిలి చూపించండి. అనుమానం ఉందంటే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆలస్యం చేయకండి.

ఇక పళ్లు. బ్రిడ్జి అంటే పక్క పళ్లకు తొడుగులు వేసి, వాటి ఆధారంతో ఖాళీలో నిలిపే కట్టుడు పళ్లు. ఖాళీకి వెనకాల గట్టి పన్ను ఉంటేనే అది కుదురుతుంది. ఖాళీకి ముందూ వెనకా ఉన్న మంచి పళ్లను అరగదీయాలి, అరిగిన పింగాణి పొర మళ్లీ రాదు. ఇంప్లాంటు అంటే ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. ఎముక దాన్ని పట్టుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. పైదవడ వెనకభాగంలో, సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) కింద, ఎముక పలచగా ఉండొచ్చు, స్కాన్ తప్పదు. మూడు నెలల షుగర్ సగటు అదుపులో లేకపోయినా, చుట్ట మానకపోయినా ఇంప్లాంటు నిలవకపోయే ప్రమాదం ఎక్కువ. ఈ పరిస్థితిలో నేనైతే తొందరపడి ఇంప్లాంటుకు డబ్బు పెట్టించను. అంగిలి బాగుందని తేలితే, అంగిలంతా కప్పని చిన్న సెట్టుతో మొదలుపెడతాను. రాత్రి తీసి నీళ్లలో వేయమంటాను.

డాక్టరు అడగకపోయినా అడ్డపొగ సంగతి మీరే చెప్పండి. చాలామంది ఆడవాళ్లు బిడియపడి చెప్పరు.