హబ్ ఇన్‌ఛార్జికి ఓవర్‌టైమ్ రాదన్న హెచ్‌ఆర్ జవాబు గురించి

హైదరాబాద్ డెలివరీ హబ్‌లో మీరు రోజూ పన్నెండు గంటలు పనిచేస్తున్నా, "మేనేజరు కాబట్టి ఓవర్‌టైమ్ వర్తించదు" అని హెచ్‌ఆర్ అనడానికి ఆధారం తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం (1988)లోని మినహాయింపు అయి ఉంటుంది. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలన్న ఆ చట్టమే, నిర్వహణ హోదాలో ఉండి సంస్థ వ్యవహారాలపై అదుపు కలిగినవారిని మినహాయిస్తుంది.

1. చాలామంది గంటల లెక్కతోనే ఫిర్యాదు చేస్తారు. అంతకన్నా ముందు, మీకు నిజంగా ఏ అధికారం ఉందో, ఏది లేదో కాగితంపై చూపాలి. పారిశ్రామిక వివాదాల చట్టం కింద 1994లో వచ్చిన ఒక చెప్పుల దుకాణం మేనేజరు కేసులో, హోదా పేరును కాక ప్రధానంగా చేసే పనిని చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. నిజమైన నిర్వహణ బాధ్యతలు ఉన్నందువల్ల ఆయన ఓడిపోయారు. కాబట్టి ఒక రైడర్‌కు ఒక్కరోజు సెలవు ఇవ్వడానికి కూడా ఏరియా మేనేజరు అనుమతి కోరుతూ మీరు పంపిన మెయిళ్లను, తెల్లవారుజామున లోడు దిగినప్పుడు మీ లాగిన్‌తోనే బ్యాగులు స్కాన్ అయిన రికార్డును భద్రపరచుకోండి. నా దృష్టిలో హాజరు పట్టీకన్నా ఇవే బలమైన సాక్ష్యాలు.

2. షిఫ్టు రోస్టరును కూడా జతచేయండి. వినియోగదారుల చిరునామాలు మాత్రం ఎక్కడా కనిపించకూడదు.

3. హెచ్‌ఆర్‌ను లిఖితపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారికి ఫిర్యాదు ఇచ్చి, మీ నకలుపై రసీదు ముద్ర వేయించుకోండి.