ఈనీడ్‌లో ఆ మాట ఇంగ్లీషులో ఎందుకు కనిపించదంటే

వర్జిల్ రాసిన లాటిన్ మహాకావ్యం ‘ఈనీడ్’ మొదట్లో, చివర్లో ఒకే మాట వస్తుందంటారు, ఇంగ్లీషు కవి డ్రైడెన్ అనువాదంలో ఎంత వెతికినా దొరకలేదన్నారు కదా. మీరు సరిగ్గానే చదివారండీ. ఆ మాట లాటిన్‌లో ‘కొండెరె’. మొదటి సర్గ 5, 33 పంక్తుల్లో నగరాన్ని, రోమన్ జాతిని స్థాపించడం. 12వ సర్గ 950వ పంక్తిలో కథానాయకుడు ఈనియస్ తన శత్రువు టర్నస్ గుండెల్లో కత్తి దించడం. రెండూ ఆ క్రియే! ఇంగ్లీషులో ‘ఫౌండ్’ (స్థాపించు) అంటే కత్తికి కుదరదు. అందుకే డ్రైడెన్ 1697లో చివర ‘డ్రోవ్’ (దించాడు) అన్నాడు. ప్రాసలు కలిసే ద్విపదల్లో రాస్తున్నాడు కాబట్టి మాటల ఎంపికకు ఇంకా ఇరుకు.

మన ‘నాటు’ చూడండి: రాయి నాటుతాం, గుండెలో కత్తీ నాటుతుంది. నాకైతే తెలుగులోనే ఆ దెబ్బ బాగా తగిలింది. ఆ మూడు పంక్తులూ లాటిన్ మూలం పక్కన పెట్టుకుని చదవండి.