క్లాసిక్ 350 కొనే ముందు మా కోడలు పిల్లకు

కోడలు పిల్లా,

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బుక్ చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆడపిల్లకు అంత బండెందుకని మొదలుపెడితే నేనే ఆపాను, ఆ గొడవ నాకు వదిలెయ్. నా అభ్యంతరం వేరు. నువ్వు ఇన్నాళ్లూ నడిపింది యాక్టివా. రెండు లక్షల పైచిలుకు పోసి, దానికి ఈఎమ్ఐ కడుతూ, ఆ కొత్త బండి మీద గేర్లు నేర్చుకోవడం దేనికి? రెండు మూడు నెలలు అద్దె బండ్లు నడుపు. అప్పటికీ మనసు దాని మీదే ఉంటే కొనుక్కో.

ముందు నీ లైసెన్సు తీసి చూడు. గేరు లేని బండికి మాత్రమే అయితే, గేరు బండికి కొత్తగా ఎల్‌ఎల్ (లెర్నర్స్ లైసెన్సు) తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లొచ్చు. పక్కా లైసెన్సు లేకుండా బండి అద్దెకిచ్చేవాడి గడప తొక్కకు. ఆ నెల రోజులూ మీ బాబాయి స్ప్లెండర్ ఉండనే ఉంది, ఆదివారం పొద్దున్నే ఏదైనా ఖాళీ గ్రౌండుకు తీసుకెళ్లమను.

గేర్లు మార్చడం కష్టమని అందరూ టెన్షన్ పడతారు గానీ, అది తొందరగానే వచ్చేస్తుంది. అసలు చిక్కు ఎడమ చేతితోనే. యాక్టివాకి ఎడమ చేతి దగ్గరున్నది బ్రేకు, ఎవరైనా సందులోంచి అడ్డం వస్తే ఆలోచించకుండానే దాన్ని నొక్కేస్తావు. గేరు బండికి అక్కడ ఉండేది క్లచ్. అదొక్కటీ నొక్కితే బండి ఆగదు సరికదా, ఇంజను పట్టు కూడా వదిలేసి అలాగే ముందుకు పోతుంది. ముందు బ్రేకు కుడి చేతికి, వెనక బ్రేకు కుడి పాదానికి. స్కూటీ మీద ఆ పాదానికి నువ్వు ఏనాడూ పని చెప్పలేదు కదా! ఈ సంగతి బుర్రకెక్కడానికి నిమిషం చాలు, చేతికీ కాలికీ ఎక్కాలంటే మాత్రం రోజూ కాస్త కాస్త నడపాల్సిందే. అద్దె బండి అందుకు.

అందుకే మొదట చిన్న బండే తీసుకో, వెళ్లిన ప్రతిసారీ అదే మోడల్ అడుగు. మీ ఆఫీసు పిల్లలు శనాదివారాలకి పెద్ద బండి అద్దెకు తీసుకుని శ్రీశైలం వెళ్లొచ్చి ఫోటోలు పెడతారే, సరదాకి బాగానే ఉంటుంది, నేర్చుకునేదేమీ ఉండదు. తిన్నని రోడ్డు మీద టాప్ గేరులో ఎవరైనా పోతారు. నీకు కావాల్సింది సాయంత్రం ఆరింటికి కూకట్‌పల్లి ట్రాఫిక్కు. హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగమే వదిలి, వెనక బ్రేకు మీద పాదం తేలిగ్గా ఆన్చి, కాళ్లు కింద పెట్టకుండా మనిషి నడకంత నెమ్మదిగా పోగలగాలి. ఫ్లైఓవర్ ఎక్కేచోట ఆగి, వెనక్కి జారకుండా మళ్లీ కదలగలగాలి. మధ్యలో బండి ఆఫ్ అవుతుంది, వెనకవాళ్లు హారన్లు మోగిస్తారు, మోగించనీ.

అది కుదిరాకే 350 అద్దెకు తీసుకో. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, క్లాసిక్ దగ్గర దగ్గర 195. నడుస్తున్నంతసేపూ ఆ తేడా అంతగా తెలియదు, ఆగినప్పుడు తెలుస్తుంది. షోరూంలో ఐదు నిమిషాల టెస్ట్ రైడ్ ఇస్తారు, మీ అపార్టుమెంటు సెల్లార్ వాళ్లకేం తెలుసు? అద్దె బండైతే ఇంటికి తెచ్చుకోవచ్చు. రెండు కార్ల మధ్య పెట్టి వెనక్కి తోసి చూడు, ర్యాంపు మీద సగంలో ఆపి చూడు. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, రెండు పాదాలూ ఎంతవరకు ఆనుతున్నాయో చూసుకో. ట్రాఫిక్కులో ఇంజను వేడి కాళ్లకు తగలడం కూడా గమనించు. ఇంజను మాత్రం ఆ ఒక్క బండిని బట్టి తేల్చేయకు, పదిమంది చేతుల్లో నలిగిన క్లచ్ అది. నచ్చకపోతే అదే మోడల్ ఇంకో షాపులో తీసుకుని చూడు. వంపుల మీద నడపాలనిపిస్తే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు చాలు, చేవెళ్ల రోడ్డులో మర్రిచెట్ల దగ్గర మాత్రం ఓవర్‌టేక్ మోజు వద్దు.

షాపుల సంగతీ కాస్త చెప్తాను. నంబర్ ప్లేటు నల్లగా, అక్షరాలు పసుపుగా ఉన్న బండే తీసుకో. తెల్ల ప్లేటంటే ఎవరిదో సొంత బండి అద్దెకు తిప్పుతున్నట్టే, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మెలిక పెడతారు. తాళం తీసుకునే ముందు బండి చుట్టూ వీడియో తియ్, పాత గీతలకు నీ డిపాజిట్ కోయకుండా. టైర్లు, బ్రేకులు, చైను, అన్ని లైట్లూ అక్కడే చూసుకో. రోజుకి ఎన్ని కిలోమీటర్లో, దాటితే ఎంతో రాయించుకో. హెల్మెట్ మాత్రం వాళ్లిచ్చేది వద్దు, ఐఎస్ఐ గుర్తున్నది నీ తలకు సరిపోయేది కొనుక్కో. బండి ఏది కొన్నా అది ఎలాగూ కావాలి.

షోరూంలో బుకింగ్ డబ్బులు కట్టేశావా? కట్టి ఉంటే క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కిస్తారో రేపే అడిగి నాకు ఫోన్ చెయ్.

మీ మావయ్య