విశాఖ బీచ్‌లో జెల్లీ ఫిష్ కుడితే ఏం చేయాలి?

రుషికొండలోగానీ ఆర్కే బీచ్‌లోగానీ జెల్లీ ఫిష్ కుట్టినప్పుడు చాలామంది మంటకు తట్టుకోలేక ఆ చోటును ఇసుకతో రుద్దుతారు, మంచినీళ్లతో కడుగుతారు. దానివల్ల చర్మానికి అంటుకున్న సన్నని తీగల్లో మిగిలిన విషకణాలు కూడా పేలి బాధ ఎక్కువయ్యే ప్రమాదముంది. సముద్రపు నీటితోనే కడిగి, తీగలను పట్టకారుతో మెల్లగా తీసి, చర్మం కాలనంత వేడి నీటిలో, అంటే సుమారు 40 నుంచి 45 డిగ్రీల మధ్య, ఆ భాగాన్ని కనీసం 20 నిమిషాలు ఉంచాలి. వెనిగర్ కొన్ని జాతులకే పనికొస్తుంది. మూత్రం పోయడమైతే వట్టి అపోహ. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు కొంత రక్షణనిస్తాయి. ఒడ్డున గాజుముద్దలా మెరుస్తూ పడి ఉన్నదాన్ని పిల్లలు సరదాగా పుల్లతో కదిపి, ఆపై చేత్తో ముట్టుకుంటారు; చచ్చినా అది కుట్టగలదు.