ఆ డైలాగ్ నవలలో దొరకదు

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతోంది, 'ఈస్ట్ లిన్' నవల ఇంటికి తెచ్చింది. "చచ్చిపోయాడు! చచ్చిపోయాడు! ఒక్కసారైనా నన్ను అమ్మా అనలేదు!" అనే డైలాగ్ అందులోదేనని ఎక్కడో చదివి, రెండు రాత్రులు కూర్చుని వెతికాను. కనబడలేదు. మాది కుదించిన కాపీయా? ఇది సినిమాగా కూడా వచ్చిందా?
- ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: పూర్తి కాపీ తెచ్చుకున్నా దొరకదండీ. 1861లో ఎలెన్ వుడ్ పుస్తకంగా వేసిన నవలలో ఆ మాట లేదు, 1874లో టి.ఎ. పామర్ దాన్ని నాటకం చేసినప్పుడు వచ్చి చేరింది. మన 'హరిశ్చంద్ర' కాటిసీను గుర్తు తెచ్చుకోండి. జనం వన్స్‌మోర్ కొట్టి మరీ పాడించుకున్న పద్యాలు జాషువావి, బలిజేపల్లి వారి నాటకంలోవి కావు, అయినా ఇప్పుడు వాటిని ఎవరు విడదీస్తారు?

సీను అలాంటిది మరి. భర్తనీ పిల్లల్నీ వదిలి వేరొకడితో వెళ్లిపోయిన ఇజబెల్, రైలు ప్రమాదంలో మొహం గుర్తుపట్టలేనంతగా మారిపోయి, అందరూ చనిపోయిందనుకుంటుండగా రంగు కళ్లజోడు పెట్టుకుని సొంత ఇంటికే పిల్లలకి చదువు చెప్పే మేడమ్ వైన్‌గా వస్తుంది. అప్పటికి భర్తకి మళ్లీ పెళ్లయిపోయింది. కొడుకు విలియం క్షయతో ఆమె కళ్లముందే పోతాడు. నవలైతే లోపలి బాధ పేజీలకి పేజీలు చెప్పగలదు, స్టేజీ మీద మాత్రం చివరి వరసకి వినబడేలా ఒక్క కేక కావాలి!

అప్పటి ఇంగ్లండ్‌లో నవలని ఎవరైనా నాటకం ఆడుకోవచ్చు, రచయిత అనుమతి అక్కర్లేదు. దాన్ని ఆపింది 1911 చట్టం. ఈలోగా ఎన్ని 'ఈస్ట్ లిన్'లు ఆడారో! అమెరికాలో తిరుగుడు కంపెనీలు కలెక్షన్ పడిపోతే "వచ్చే వారం ఈస్ట్ లిన్" అని బోర్డు పెట్టేవట, చివరికి అదే జోకైపోయింది.

సినిమాలంటారా, మూకీలే చాలా ఉన్నాయి. 1916లో థీడా బారా చేసింది, విలనీ వేషాలకి పేరుపడ్డ ఆవిడ్ని ఈ ఏడుపు పాత్రలో చూడటం తమాషాగానే ఉంటుంది. 1931లో ఫ్రాంక్ లాయిడ్ తీసిన టాకీలో ఆన్ హార్డింగ్ హీరోయిన్. అది ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేటై, 'సిమరాన్' చేతిలో ఓడిపోయింది.

అన్నట్టు, మీ అమ్మాయి పరీక్షలో ఆ డైలాగ్ రాస్తే ఎలెన్ వుడ్ పేరు కాకుండా పామర్ పేరు రాయమనండి.